చీటీకెక్కని ప్రశ్న

మార్చి 14, 1984. బుధవారం

ఎనిమిదేళ్ళుగా ఆస్ట్రేలియా ఇంగ్లీషు డిక్షనరీకి మాటలు ఏరుతున్నాను. ఏ మాటని జనం ఎలా వాడుతున్నారో చీటీ మీద రాసి డబ్బాలో వెయ్యాలి. అర్థమూ, ఉదాహరణా అందులోంచే తేలాలి. 'ప్రీఆక్యుపై' అనే క్రియకి మాత్రం ఇప్పటిదాకా అన్నీ పుస్తకాల వాక్యాలే. మనుషుల నోట వింటే కదా! ఇవాళ బ్రేక్‌ఫాస్ట్ దగ్గర దొరికింది. నా భార్య నెరిడా టోస్ట్‌కి వెన్న రాస్తూ, ఎడమ కంటి కొసన ఏదో నీడలా ఉంది, నాలుగు రోజులుగా అదే నన్ను ప్రీఆక్యుపై చేసేస్తోంది, అంది. ఎంత చక్కటి వాడుక! జేబులోంచి పెన్సిల్ తీసి, మోకాలి మీదే పెట్టుకుని రాసేశాను. ఎవరన్నారు అన్న చోట: స్త్రీ, 56, హోబార్ట్, ఇంట్లో.

చివర్లో ఇంకేదో అడిగింది. అందులో నాకు కావలసిన మాట లేదు. ఊఁ అన్నాను.

మార్చి 17

నెరిడా బౌల్స్ మ్యాచ్, పచ్చిక మీద బంతి దొర్లించి దూరాన ఉన్న చిన్న తెల్లబంతి దగ్గరికి చేర్చే ఆట. ఇరవై ఏళ్ళుగా క్లబ్‌లో ఆమెని కొట్టినవాళ్ళు లేరు. బంతి వదిలితే అనుకున్న చోటే ఆగాలి. ఇవాళ మూడుసార్లు పక్కనున్న కాలవలో పడింది. నేను కారులో కూర్చుని ప్రూఫులు దిద్దుకున్నాను. ఇంటికి వచ్చే దారిలో స్కోరెంత అని మాత్రం అడిగాను.

మార్చి 26

ఈ క్రియ తర్వాత 'విత్' రావాలా 'బై' రావాలా అని మా ఎడిటర్ మిస్ గార్వీతో లంచ్ దాకా తగువు. ఆల్బన్, మీతో వాదించే బదులు గోడకి తల బాదుకోవడం నయం, గోడకి కనీసం పెచ్చులైనా ఊడతాయి, అంది. ఆవిడ నోరే అంత. చివరికి అర్థం బాగా కుదిరింది. అసలు ఈ మాటకి పాత అర్థం, ముందే వచ్చి చోటు ఆక్రమించుకోవడం. ఇప్పుడు ఆ చోటు మనసు. తర్వాత వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గర నిలబడాల్సిందే. ఆ సంతోషంలో ఇంటికి రెండు మీట్ పైలు కొనుక్కెళ్ళాను. నెరిడా ఆకలి లేదంది. రెండూ నేనే తిన్నాను.

ఏప్రిల్ 8

నెరిడా టీ కప్పులో పొయ్యబోయి టేబుల్ మీద పోసింది. ధ్యాస ఎక్కడ పెట్టావు అని కసిరాను. పరధ్యానానికి పేరుపడ్డ నేను!

మే 4

ఎడమ కంటికి ఏమీ కనబడటం లేదట. ఆసుపత్రికి తీసుకెళ్ళాను. రెటీనా ఊడిపోయిందన్నాడు డాక్టరు. పాతికేళ్ళ మేనల్లుడికి బుద్ధి చెబుతున్నట్టు నాకే చెప్పాడు: నీడ కనబడ్డ వారంలోనే తీసుకొచ్చుంటే నిలబెట్టేవాళ్ళం కదండీ, ఇప్పుడు ఆపరేషన్ చేసినా చూపు రాదు. ఎన్నాళ్ళయిందమ్మా అని ఆమెని అడిగాడు. మార్చి నుంచి, అంది. మరి ఇంట్లో ఎవరికీ చెప్పలేదా అన్నాడు.

నెరిడా కిటికీ వైపు తిరిగింది. నేను టోపీ అంచు నలుపుతూ కూర్చున్నాను.

మే 5. ఉదయం ఆరు

నాకు తెలుసు. తేదీతో సహా తెలుసు.

మే 16

మిస్ గార్వీ ఇవాళ 'ప్రీ' డబ్బా తీసింది. నా చీటీ దగ్గర ఆగింది. పైకి చదివింది. ఇదీ ప్రాణమున్న వాక్యమంటే, ఉదాహరణకి ఇదే వేద్దాం, అంది. తర్వాత చీటీ అటూ ఇటూ తిప్పి, ఈవిడెవరో గానీ పాపం, ఆ నీడ సంగతి ఏమయిందో, అంది.

బాత్రూంలోకి వెళ్ళి మొహం కడుక్కున్నాను. మళ్ళీ కడుక్కున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

మే 20. ఆదివారం

చీటీ ఇంటికి తెచ్చి నెరిడా చేతిలో పెట్టాను. క్షమించమన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా, అనకుండా ఉండలేకపోయాను.

కుడి కంటికి దగ్గరగా పెట్టుకుని చదివింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. మెల్లగా అంది: నువ్వు వినలేదనుకున్నాను ఆల్బన్. ముప్ఫై ఏళ్ళుగా అంతే కదా, ఆయనకి మన మాట ఎక్కదులే, ఆయన లోకం ఆయనది, అని సరిపెట్టుకున్నాను. ఇదేమిటి? అక్షరం పొల్లుపోకుండా విన్నావు. నేను 'చేసేస్తోంది' అంటే అదీ అలాగే రాశావు.

మరి రెండో వాక్యం ఏదీ అంది. చీటీ వెనక్కి తిప్పి చూసింది కూడా. ఎవరికైనా చూపించుకోనా అని అడిగానే, అదేదీ? నువ్వు ఊఁ అన్నావు. ఆ ఊఁ కి, అక్కర్లేదు అని అర్థం చేసుకున్నాను.

చీటీ మళ్ళీ నా చేతిలో పెట్టేసింది.

రేపు లాన్సెస్టన్‌లో చెల్లెలింటికి వెళ్తుందట. తనకి చెయ్యి పట్టుకుని మెట్లు దింపేవాళ్ళు కావాలట, రాసుకునేవాళ్ళు కాదు. ఎప్పుడొస్తావని అడిగాను. అడక్కు, అంది.

మే 21

బస్సు కిటికీలోంచి ఆమె చెయ్యి ఊపింది. నేను ఆమె ఎడమ పక్కన, కనబడని వైపు నిలబడ్డాను. చెయ్యి ఊపింది నాకు కాదు, బస్సు ముందు సామాను ఎక్కిస్తున్న డ్రైవరుకి.

ఆఫీసులో ఆ చీటీ మీద మిగతాది రాశాను: ఎవరికైనా చూపించుకోనా? ఎవరన్నారు అన్న చోట అంతా కొట్టేసి నెరిడా, నా భార్య, అని రాశాను. పేర్లు రాయకూడదని రూలు. మిస్ గార్వీ చూసింది. ఏదో జోక్ వేయబోయి ఆగిపోయింది. ఉదాహరణకి పుస్తకాల వాక్యమే వేద్దాంలెండి, అని చీటీని తన డ్రాయర్‌లో పెట్టేసింది.

మే 29

ఇంట్లో రాసుకోవడానికి ఒక్క మాట లేదు.

జూన్ 10. ఆదివారం

నెరిడా వచ్చింది. ఉంటుందో వెళ్తుందో చెప్పలేదు. టీ పెట్టి ఆమె కుడి పక్కన కూర్చున్నాను. చాలాసేపు మాట్లాడింది.

ఏమందో ఇక్కడ రాయను.