ఇద్దరు కూర్చునే మగ్గం

ఆదివారం, ధర్మవరం

నేత సంఘం పెట్టిననాడు నా మగ్గం జతగాడు మాటిచ్చాడు, "ఒక ఏడాది నేను ప్రెసిడెంటు, ఇంకో ఏడాది నువ్వప్పా" అని. ఆ కుర్చీలో ఈ పొద్దుకీ వాడే ఉన్నాడు.

ఈ రోజు మీటింగులో లేచి పాతకాలం రోము సంగతి చెప్పాను. రాజును తరిమేశాక వాళ్లు పెద్ద పదవిలో ఇద్దరిని కూర్చోబెట్టారు. గడువు ఏడాదే. ఒకడు వద్దంటే రెండోవాడి పని ఆగేది. ఎన్నిసార్లు చదివినా నాకు అబ్బురమే. పెద్ద అంచు చీరకు మేమూ ఇద్దరం కూర్చుంటాం, ఒకరు చెయ్యి ఆపితే అడ్డపోగు నడిపే నాడె కదలదు. అంత రాజ్యాన్ని వాళ్లు అట్లా నేశారు!

"ఏమప్పా, రోములో పట్టుచీరలు కట్టుకుంటాండారా?" అన్నాడు వాడు కుర్చీలోంచే. అందరూ నవ్వారు.

"చీరల సంగతేమో గానీ, ఏడాదికి కుర్చీ దిగేది వాళ్లకు తెలుసబ్బా" అన్నాను.

వాడే ప్రెసిడెంటుగా ఉండాలనేవాళ్లను చేతులెత్తమన్నారు. ముందు వరసలోని మగ్గాల యజమానుల చేతులు లెక్కపెట్టి, ఇంక చాలన్నారు. వెనక కూర్చున్న కూలి నేతగాళ్ల వంతు రానేలేదు. రోములోనూ డబ్బున్నవాళ్లే ముందు ఓటేసేవాళ్లు. అక్కడే తేలిపోతే పేదల్ని పిలిచేవాళ్లే కాదు. అక్కడ ఆడవాళ్లకు ఓటే లేదు. మన రిపబ్లిక్కులో మాత్రం, వెనక వరస ఓబులమ్మ వేలికీ యజమాని వేలికీ ఒకటే సిరా. ఇది చూసి ఉంటే ఆ రోము పెద్దలే నోరు తెరిచేవాళ్లు.

వాళ్ల ఇద్దరి పదవి, మన ఒకటే సిరా, రెండు అద్భుతాలూ మనుషులు చేసినవే. ఆ రెండూ మా చిన్న సంఘంలో ఉండాలనే కదా మొదలుపెట్టాం. నాకు కుర్చీ వద్దు, వద్దని ఆపగలిగే ఆ రెండో చోటు చాలు, నేను పోయేలోపు ఒక్క ఏడాదైనా...

ఆ చోటు లేకుండా చేసినవాడు నా మగ్గం జతగాడే, నరసింహులు.