అక్కకు సీటు వెతికిన రోజులు

జులై 8, మంగళవారం

మధ్యాహ్నం అక్క ఫోన్. కోరుట్లలో మా టికెట్ల దుకాణంలో ఇద్దరు కస్టమర్లు కూర్చుని ఉన్నారు. మెల్‌బోర్న్‌లో అప్పటికి సాయంత్రం.

"సుమా, ఇగ కీమో మందులు పనిజేస్తలేవట. బంద్ చేస్తమన్నరు. నేనొస్త. టికెట్ జూడు."

ఎప్పటికి కావాలని అడిగాను. రిటర్న్ ఎప్పుడని కూడా అడిగేశాను. పదహారేళ్లుగా టికెట్లు అమ్మిన నోరు... దానంతటదే అనేసింది.

అటువైపు అక్క చిన్నగా నవ్వింది.

"వన్ వే చాలు చెల్లె."

కూర్చున్న ఇద్దరినీ రేపు రమ్మన్నాను. షట్టర్ సగం దించి లోపలే ఉండిపోయాను.

జులై 9, బుధవారం

పొద్దున్నుంచి మూడు రూట్లు తెర మీద. కంపెనీల పేర్లు ఇక్కడ రాయబుద్ధి కావడం లేదు. నా మనసులో వాటికి ఎప్పటినుంచో వేరే పేర్లున్నాయి. మెత్తది, చౌకది, సూటిది.

మెత్తది సింగపూర్ మీదుగా. ఎనిమిది గంటలు ఎగిరి, మూడు గంటలు ఆగి, మళ్లీ ఐదు గంటలు. మోకాళ్లకు జాగా ముప్పై రెండు అంగుళాలు. తిండి మంచిదంటారు అందరూ. ధర ఎక్కువ.

చౌకది దాదాపు సగం. జాగా ముప్పై ఒకటి. అన్నానికీ, బ్యాగుకూ వేరే కట్టాలి. మధ్యలో ఎయిర్‌పోర్టులో పదకొండు గంటలు.

సూటిది ఢిల్లీ దాకా ఎక్కడా ఆగదు. పన్నెండున్నర గంటలు ఒకే పట్టున కూర్చోవాలి. ఢిల్లీలో బ్యాగులు తీసుకుని మళ్లీ హైదరాబాద్ విమానం.

ఒక అంగుళం ఎంతుంటుందో స్కేలు తీసి చూశాను. బొటనవేలి మీది కణుపంత. ఎంతమందికి చెప్పానో ఇన్నేళ్లూ... "ఒక్క అంగుళమే సార్, ఏం తెల్వది."

నాకేం తెలుసు? నేను ఇంతవరకు విమానమే ఎక్కలేదు. పాస్‌పోర్టు ఉంది. ఒక్క ముద్ర లేదు అందులో.

జులై 11, శుక్రవారం

వెల్గటూర్ నుంచి మొగుడూ పెళ్లాం వచ్చారు. బిడ్డ పురుడుకి ఆమె టొరంటో పోవాలి, ఒక్కతే.

"మేడం, గిండ్ల తక్కువది చెయ్యుండ్రి. కూసునుడే కదా."

మామూలుగా అయితే చేసేసేదాన్ని. ఇవాళ ఆమె వైపు తిరిగి అడిగాను. "మోకాళ్లు ఎట్లున్నయమ్మా?"

ఆయన ఆమె మోకాళ్ల వైపు చూశాడు, మొదటిసారి చూసినట్టు.

"నొస్తయి," అంది ఆమె. "ఎవలడిగిండ్రు గని."

మధ్యలో తక్కువసేపు ఆగేది, వీల్‌చెయిర్‌తో చేయించుకుని పోయారు. ఆయనకు మనసొప్పలేదు. బయట మెట్లు దిగేటప్పుడు మాత్రం ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

జులై 13, ఆదివారం

లిల్లీ ఫోన్ చేసింది. అక్క పనిచేసిన వృద్ధాశ్రమంలోనే నర్సు, అక్కతో ఒకే ఇంట్లో తొమ్మిదేళ్లుగా ఉంటోంది. మలయాళీ అమ్మాయి. తెలుగంతా అక్క దగ్గర నేర్చుకుంది కాబట్టి అచ్చం సిరిసిల్ల మాటే మాట్లాడుతుంది. ఎప్పుడు విన్నా నవ్వొచ్చేది.

"నేనొస్త అక్క తోటి. లీవ్ పెట్టిన. మీరు భయం వెట్టుకోకుండ్రి."

అక్కను డైనింగ్ కుర్చీలో కూర్చోబెట్టి ఎంతసేపు కూర్చోగలదో చూడమన్నాను. నలభై నిమిషాలు. తర్వాత పక్కకు ఒరిగింది. కడుపులో నీరు చేరుతోంది, పది రోజులకోసారి సూదితో తీస్తున్నారు. తీసిన మూడోనాడు కాస్త తేలిగ్గా ఉంటుందట.

మళ్లీ తీసేది 22నో 23నో. అంటే ప్రయాణం ఆ మూడోనాడే. 24 లేదా 25.

సూటిది కొట్టేశాను. పన్నెండు గంటలు ఏకబిగిన కూర్చునే ఒళ్లు కాదు అది. చౌకది అసలు తెరవలేదు.

జులై 14, సోమవారం

మెత్తదాంట్లో తోక సన్నబడేచోట, వెనక వరుసల్లో మూడు సీట్లు రెండవుతాయి. నడవ వైపు అక్క, కిటికీ వైపు లిల్లీ. మూడో మనిషి ఉండరు. మధ్యలో చెయ్యి ఆనించే పట్టీ పైకి లేస్తుంది, అక్క ఒరగొచ్చు. ముందు వరుసలో లేవదు, అందులో భోజనం బల్ల ఉంటుంది. టాయిలెట్‌కు నాలుగడుగులు.

25కి దొరికింది. తీసుకున్నాను.

జులై 16, బుధవారం

జగిత్యాల వెళ్లాను. విమాన కంపెనీ వాళ్ల మెడికల్ ఫారం, అక్క రిపోర్టులు. అక్కడ మాకు తెలిసిన డాక్టరు గారికి చూపించి, ఆ మాటలకు అర్థం చెప్పమన్నాను.

చాలాసేపు చదివాడాయన. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఊపిరితిత్తి చుట్టు గూడ నీరున్నదమ్మా. విమానం మీదికి పోయినంక గాలి పల్చగైతది. మనకేం తెల్వది. గామెకు తెలుస్తది."

"సీటు మంచిది తీసుకున్న సార్. కాళ్లకు జాగుంటది."

నేనే అన్నానా ఆ మాట? ఆయన ఫీజు తీసుకోలేదు.

కోరుట్ల వచ్చేదాకా బస్సులో కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాను. పొలాల్లో నాట్లు వేస్తున్నారు. వాన.

జులై 17, గురువారం

వీల్‌చెయిర్‌కు మూడు రకాలుంటాయి మా కంప్యూటర్‌లో. నడవగలరు గానీ దూరం నడవలేరు. మెట్లు ఎక్కలేరు. సీటు దాకా తీసుకుపోవాలి. సోమవారం మొదటిది పెట్టాను. ఇవాళ లిల్లీని అడిగి మూడోది పెట్టాను.

జులై 18, శుక్రవారం

ఎప్పుడూ రాయలేదు ఇది.

బాపు, మా నాన్న, పోయినప్పుడు అక్కకు టికెట్ చేసింది నేనే. ఆరేళ్లయింది. రెండు దొరికాయి. ఒకటి ఖరీదైంది, మర్నాడు పొద్దున్నే దించేది. ఇంకొకటి చౌక, మధ్యలో పద్నాలుగు గంటలు ఆగేది. అక్క చేత అంత డబ్బు పెట్టించడమెందుకని చౌకది చేశాను. అక్కను అడగలేదు. బాపును సాయంత్రం దాకా ఉంచుతారనుకున్నాను. పెద్దలు ఉంచలేదు. అక్క సిరిసిల్లలో దిగేటప్పటికి అంతా ముగించుకుని అందరూ స్నానాలు చేసి వచ్చేశారు.

అక్క అప్పుడూ ఏమీ అనలేదు. తర్వాత కూడా.

జులై 20, ఆదివారం

సిరిసిల్ల. అక్కకు సాంచెల చప్పుడు వినపడేచోట ఉండాలనుంది. బాపు ముప్పై ఏళ్లు ఆ మరమగ్గాల మీదే చీరలు నేశాడు, ఆ చప్పుడులోనే నిద్రపోయి పెరిగాం ఇద్దరం. కింది గది ఒకటి ఖాళీగా ఉందంటే చూడ్డానికి వెళ్లాను. మంచి గాలి. పక్కనే రెండు సాంచెల షెడ్లు. ఇంటి ఓనరమ్మ చాయ్ ఇచ్చింది.

ఎవరికని అడిగింది. చెప్పాను. ఎట్లున్నది అని అడిగింది. అదీ చెప్పాను.

గ్లాసు కింద పెట్టింది. "ఏమనుకోకు బిడ్డ. కిరాయి ఇంట్ల అసొంటిది జరుగద్దు. రేపు ఎవలొస్తరు ఉండనీకె?"

ఆమెది తప్పనలేను. ఆ వీధిలో ఇంకో రెండిళ్లు చూశాను. అక్కడ అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. అంతా విని, లేచి, మా పడగ్గదిలోని బీరువా ఒక్కడే జరపడం మొదలుపెట్టాడు.

"ఇక్కడ మంచం వడ్తది. కిటికి దగ్గర. మనం అవతల పండుకుందం. కిరాయి ఇల్లేంది, మనకిల్లు లేదా?"

కోరుట్లలో సాంచెల చప్పుడు ఉండదు. అక్కకు చెప్పాలి.

జులై 22, మంగళవారం

మెత్తదాని మెడికల్ డెస్క్ నుంచి జవాబు. ప్రయాణానికి అనుమతించలేము. మర్యాదగా రాశారు, త్వరగా కోలుకోవాలని కూడా.

ఆక్సిజన్ పెట్టుకుని వస్తుందని రాశాను. మళ్లీ అదే జవాబు.

జులై 23, బుధవారం

చౌకదాన్ని అడిగాను. సూటిదాన్ని అడిగాను. దుబాయ్ మీదుగా తిరిగొచ్చేదాన్ని కూడా అడిగాను, అది ఇరవై గంటలు దాటుతుందని తెలిసీ.

లేదు. లేదు. లేదు.

పదహారేళ్లు దేంట్లో ఏం తేడా అని చెప్పుకుంటూ బతికాను. ఇవాళ ఒక్కదాంట్లోనూ తేడా లేదు.

జులై 24, గురువారం

అక్కకు చెప్పాను. లిల్లీ అప్పటికే చెప్పిందట. నేను చెప్పేదాకా తెలియనట్టే ఉంది.

"పోనీతియ్. మంచి సీటే దొరికించినవట కదా. లిల్లీ చెప్పింది."

మాట మాటకూ ఆగి ఊపిరి తీసుకుంటోంది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది.

"అక్కా, బాపప్పుడు... నేను గా టికెట్..."

"ఎరుకే నాకు."

"ఇంకోటి ఉండె అక్కా. పొద్దుగాల దించేది."

"గది గూడ ఎరుకే. నేను గూడ చూసిన ఫోన్ల." మళ్లీ ఊపిరి. "కోపమచ్చింది నీ మీద. మస్తు కోపమచ్చింది. గా ఎయిర్‌పోర్టుల పద్నాలుగు గంటలు ఒక్కదాన్నే కూసొని ఏడ్చిన. ఎవలు చూడలే. ఇంటికచ్చినంక నన్ను ఏడ్వనిచ్చిండ్రా? అందర్ని సముదాయించుడే నా పనాయె. గా పద్నాలుగు గంటలే నాకు బాపు తోటి దొరికినయి."

నేను ఏడుస్తూనే ఉన్నాను.

"ఊకో. ఆరేండ్లు ఎందుకు దాసుకున్నవే గిది?"

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

జులై 25, శుక్రవారం

ఇవాళ ఆ విమానం వెళ్లింది. వెనక వరుసలోని ఆ రెండు సీట్లలో ఎవరు కూర్చున్నారో.

అక్క దగ్గరికి నేనే పోవాలని నా వీసాకు పెట్టాను. లిల్లీ ఆసుపత్రి ఉత్తరం పంపింది, తొందరగా చూడమని. ఈయన ఫొటోలకు తీసుకెళ్లాడు. నవ్వొద్దన్నాడు ఫొటో అతను. నవ్వే ముఖమా నాది.

జులై 28, సోమవారం

వీసా రాలేదు.

జులై 29, మంగళవారం

రాలేదు. అక్క ఇవాళ మాట్లాడలేకపోయింది. లిల్లీ ఫోన్ అక్క చెవి దగ్గర పెట్టింది. నాకేం మాట్లాడాలో తెలియక కోరుట్ల సంగతులు చెప్పుకుంటూ పోయాను. వాన గురించి, బీరువా జరిపిన సంగతి, వెల్గటూర్ ఆమె క్షేమంగా దిగిన సంగతి. ఊపిరి చప్పుడు మాత్రం వినపడుతోంది.

జులై 31, గురువారం

వచ్చింది. పదకొండింటికి మెయిల్.

కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నా పేరు నేనే కొట్టుకోవడం ఇదే మొదలు. మెత్తదాంట్లో ఆదివారం దాకా సీట్లు లేవు. సూటిదాంట్లో రేపటికి ఒక్కటి ఉంది. వెనక, మధ్య సీటు, రెండు వైపులా మనుషులు. ఎన్ని అంగుళాలో చూడలేదు. ధర కూడా టికెట్ వచ్చాకే చూశాను.

"నువ్వు పో. దుకాణం సంగతి, ఇంటి సంగతి నేను జూస్త," అన్నాడు ఈయన. హైదరాబాద్ దాకా తనే కారులో దింపుతానన్నాడు. సాయంత్రమే బయల్దేరుతున్నాం.

రెండు కాటన్ చీరలు, స్వెట్టర్. మామిడికాయ తొక్కు పెట్టబోతే లిల్లీ వద్దంది. అక్క ఏమీ తినడం లేదట.

పెట్టాను. మూత బిగించి, మూడు కవర్లు చుట్టి.

ఆగస్టు 1, శుక్రవారం

ఢిల్లీ. గేటు దగ్గర కూర్చుని రాస్తున్నాను.

పొద్దున హైదరాబాద్ నుంచి వచ్చిందే నా మొదటి విమానం. లేచేటప్పుడు చెవులు మూసుకుపోయాయి. మింగుతూ ఉండమని అందరికీ చెప్పేదాన్ని, నాకే గుర్తు రాలేదు. పక్కాయన బెల్టు పెట్టడం చూపించాడు. రెండు గంటలకే నడుము పట్టేసింది. అక్క ఈ పదహారేళ్లలో ఏడుసార్లు వచ్చి పోయింది. కాళ్లు వాచిపోయి దిగేది. ప్రయాణం ఎట్లయిందక్కా అంటే, మంచిగైంది అనేది.

లిల్లీ ఫోన్ చేసింది ఇప్పుడే.

"ఇందాక కండ్లు తెరిచింది. చెల్లె ఎక్కడున్నదని అడిగింది. ఢిల్లీ దాక వచ్చిందని చెప్పిన. కిటికి కాడి సీటేనా అన్నది. నేనేం చెప్పాలె?"

కిటికీయే అని చెప్పమన్నాను.

"చెప్త. మీరు తొందరగ రాండ్రి సుమక్కా." ఇంకేదో అనబోయి ఆగింది. వెనక ఎవరో ఇంగ్లీషులో ఆమెను పిలిచారు. పెట్టేసింది.

వరుసలో నిలబడమంటున్నారు.

ఎక్కాను. మధ్య సీటు. అటు సర్దార్జీ పెద్దాయన, ఇటు చంటిబిడ్డతో ఒకమ్మాయి. మోకాళ్లు ముందు సీటుకు తగులుతున్నాయి. తగలనీ.

దిగేదాకా పన్నెండున్నర గంటలు ఎవరి మాటా తెలియదు.

లిల్లీ వాట్సాప్ తెరిచి చూశాను. పేరు కింద టైపింగ్ అని పడుతోంది. ఆగింది. మళ్లీ పడింది. విమానం అమ్మాయి వచ్చి ఫోన్ ఆపమంది. ఒక్క నిమిషం అన్నాను. సరేనని ముందుకు పోయింది.

టైపింగ్...

మళ్లీ వచ్చింది ఆ అమ్మాయి. ఈసారి పక్కనే నిలబడింది. మెసేజ్ రాకముందే ఆపాను. విమానం కదులుతోంది. లిల్లీ ఏం రాసిందో —