గరిటె కాడ తిరిగి ఇప్పించు విషయమై హంస బండి డ్రైవరు విన్నపం

గౌరవనీయులైన ఊరేగింపు విభాగం భద్రతాధికారి గారి సముఖమునకు,
హంస బండి డ్రైవరు సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: హంస బండి ముందు చక్రం పక్కన నడిచే ఉద్యోగిని, అనగా నా భార్య, మీద జారీ అయిన నోటీసును రద్దు చేయుట, ఆమె వద్ద నుండి స్వాధీనం చేసుకున్న చెక్క గరిటె కాడను తిరిగి ఇప్పించుట, అతిథులు అనబడువారి ఆగడాలను తమరి దృష్టికి తెచ్చుట గురించి.

సూచిక: తమరు పంపిన నోటీసు ఒకటి, ప్రశంసాపత్రం ఒకటి. రెండూ ఒకే కవరులో వచ్చినవి.

పై విషయమై సవినయంగా విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను ఈ పార్కులో సాయంకాలపు ఊరేగింపులో హంస బండిని నడుపుచున్నాను. తమరు ఆ బండిని మేడ మీది అద్దాల గది నుండి మాత్రమే చూచియున్నారు గనుక లోపలి సంగతి మనవి చేసుకొనుచున్నాను. డ్రైవరు సీటు హంస కడుపులో ఉంటుంది. ఎదురుగా, హంస రొమ్ము దగ్గర, అరచేతి వెడల్పు జాలీ ఒకటి ఉంటుంది. అందులోంచి నాకు కనబడేది ముందు నడిచే ఎలుగుబంటి వేషగాడి వీపు. చక్రాలు కనబడవు. చక్రాల ముందు ఎవరున్నారో కనబడదు. హంస మెడలో స్పీకరు బిగించారు కనుక వినబడేదీ అంతంతమాత్రమే. అందుచేత నా కళ్ళూ చెవులూ పక్కన నడిచే నా భార్యే. ఆమె బండి రేకు మీద ఒక్క దెబ్బ కొడితే ఆపుతాను, రెండు కొడితే కదుపుతాను. "ఇంట్లో కూడా ఇదే పద్ధతా?" అని ఎలుగుబంటి ఆటపట్టిస్తుంటాడు. ఇంట్లో దెబ్బ దాకా రానక్కర్లేదు, చూపు చాలు.

2. ఇక అతిథులు. ఈ మాటను తమరి సర్క్యులరు ప్రకారం వాడుచున్నాను, మనస్ఫూర్తిగా కాదు. మా ఇంటికీ అతిథులు వస్తారు. వచ్చినవారెవరూ ఇంతవరకు మండుతున్న పొయ్యి పక్కన బిడ్డను నిలబెట్టి "నవ్వు, నవ్వు" అనలేదు.

దారికి అటూ ఇటూ తాడు కట్టినది దాటకూడదని. వీరు దాని మీద తడిబట్టలు ఆరేస్తారు, పిల్లల్ని కూర్చోబెట్టి ఊపుతారు, నడుము నొప్పెడితే ఆనుకుంటారు. ఒక పెద్దమనిషి తాడు ఇవతల మడత కుర్చీ వేసుకుని, చక్రాలు వెళ్ళే దారిలో కాళ్ళు బారచాపి, "నేను మధ్యాహ్నం నుంచీ ఇక్కడే ఉన్నా. మీరే కాస్త పక్కనుంచి పోనివ్వండి" అన్నాడు. లారీ అంత బరువున్న హంసను పక్కనుంచి పొమ్మన్నాడు. ఇంకొకావిడ తన అత్తగారిని ముందు పెట్టుకుని, "మీరు పెద్దవారు అత్తయ్యా, మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు, అలా జరుగుతూ ఉండండి" అని వెనక నుంచి నెట్టుకుంటూ చక్రం దాకా వచ్చేసింది. ఆ అత్తగారు నా భార్య చెయ్యి పట్టుకుని "నన్ను ఇంటికి పంపించెయ్యమ్మా" అని గొణిగిందట. ఆ రోజు మొత్తంలో తెలివైన మాట అదొక్కటే.

వీరు చదువురానివారు కారు. తాడు మీద వేలాడే బోర్డును గడగడా చదువుతారు. పిల్లల చేత కూడా చదివించి, ఉచ్చారణ సరిదిద్ది, ఆ తర్వాత దాటుతారు.

3. ఎలుగుబంటి తోక అతిథులు పట్టి లాగగా ఇప్పటికి చాలాసార్లు ఊడినది. తోక ఊడినప్పుడల్లా లోపలి మనిషి వెనక్కి పడతాడు. అతనికి నడుము ఉన్నది. అతనికి నడుము ఉన్నదని తమరి కార్యాలయంలో ఎక్కడైనా రాసుకోవలసిందిగా ప్రార్థన.

4. అతిథులలో ఎక్కువమందికి ఒక ధర్మసందేహం ఉన్నది. హంస లోపల మనిషి ఉన్నాడా లేడా అని. దీనిని తేల్చుకోవడానికి వారు అరచేత్తో రేకు మీద బాదుతారు. మొదట్లో నేను లోపలి నుంచి "ఉన్నాను నాయనా" అని అరిచేవాడిని. "మాట్లాడుతోందిరోయ్!" అని మరింత మంది చేరి మరింత గట్టిగా బాదేవారు. అందుకని నోరు మూసుకున్నాను. అప్పుడు "ఎవడూ లేనట్టుంది, మళ్ళీ కొట్టు" అన్నారు. ఒకాయన జాలీలోంచి సెల్ఫీ కర్ర దూర్చి నా కనుబొమ్మ చీల్చి, బయటికి లాక్కుని, ఫోటో సరిగా రాలేదని విసుక్కున్నాడు. అందులో ఉన్నది నా కన్ను.

5. ఈ బాదుడులో ఏది అతిథి దెబ్బ, ఏది భార్య దెబ్బ అనేది తెలియక నా తల ప్రాణం తోకకు వచ్చేది. గంట పెట్టించమని అర్జీ ఇచ్చుకుంటే "పరిశీలనలో ఉన్నది" అని జవాబు వచ్చినది. ఇంకా పరిశీలిస్తూనే ఉన్నారు. చివరికి నా భార్య ఇంట్లో విరిగిపోయిన చెక్క గరిటె కాడ పట్టుకొచ్చింది. దానితో రేకు మీద కొడితే టంగుమని వచ్చే మోత అరచేతి మోతలో కలవదు. స్పీకరు పాడుతున్నా, జనం ఈలలు వేస్తున్నా, నా వెన్నుకు తెలిసేది. ఆనాటి నుంచి నేను మనిషిలా బండి నడిపాను.

అటువంటి కాడను తమరు లాగేసుకున్నారు. ఎందుకనగా, దానిని చూచి తన కొడుకు జడుసుకున్నాడని ఒక అతిథి ఫిర్యాదు చేసెనట. ఆ కొడుకు ఆ సమయాన హంస తోక ఈకలు పట్టుకుని వేలాడుచుండెను. కాడకు బదులుగా తమరు నా భార్య చేతికి కాగితపు పువ్వు ఇప్పించితిరి. పువ్వుతో రేకు మీద కొట్టి చూచుకోవలసిందిగా తమరిని సవినయంగా కోరుచున్నాను. ఏమైనా వినబడితే నాకు తెలియజేయగలరు.

వీరిని అతిథులు అనమన్న సర్క్యులరులోనే "తప్పుకోండి", "జరగండి" అనే మాటలు నిషేధించి, వాటి స్థానంలో ఈ వాక్యం పలకమన్నారు: "ప్రియమైన అతిథీ, మన అందరి ఆనందం కోసం, దయచేసి ఈ మధుర క్షణాన్ని తాడు వెనక నుంచి ఆస్వాదించగలరు." పలికేటప్పుడు నవ్వు చెదరకూడదట. ఈ వాక్యం సగానికి వచ్చేసరికి చక్రం రాకూడనిచోటికి వచ్చేస్తుంది. దీనిని రాసినవారు ఎన్నడూ ఎవరినీ దేనినుంచీ లాగి ఉండరు.

6. అసలు సంగతి.

ఆ సాయంత్రం ఫౌంటెన్ మలుపు దగ్గర ఎలుగుబంటి మెడకు ఎవరో వేలాడటంతో ఊరేగింపు నిలిచిపోయినది. నా భార్య అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టింది, నేను ఆపాను. ఆపిన వెంటనే తెల్లటోపీ పెట్టుకున్న ఒక అతిథి తాడు ఎత్తి, నాలుగేళ్ళు కూడా నిండినట్టులేని తన కూతురిని తెచ్చి హంస ముందు చక్రానికి ఎదురుగా నిలబెట్టాడు. హంస మొత్తం రావాలని ఫోనును నేల మీద నీళ్ళ సీసాకు ఆనించి పెట్టి, తాను వెనక్కి వచ్చి చక్రానికీ నా భార్యకూ మధ్య నిలబడి "అటు చూడు తల్లీ" అంటున్నాడు.

నా భార్య ఉద్యోగం మీది భయభక్తులతో మొదలుపెట్టింది. "ప్రియమైన అతిథీ, మన అందరి ఆనందం కోసం..."

"ఒక్క ఫోటో అమ్మా. ఏం కొంపలు మునిగిపోతాయి? బండి ఆగే ఉందిగా!"

బండి ఆగే ఉన్నది. సరిగ్గా అప్పుడు అవతలి పక్కన ఇంకొక అతిథికి ధర్మసందేహం కలిగినది. రేకు మీద అరచేత్తో కొట్టాడు. రెండు దెబ్బలు. శుభ్రంగా, ఎడం ఇచ్చి, అచ్చం నా భార్య కొట్టినట్టు.

నేను కదిపాను.

అయ్యా, ఆ తర్వాత జరిగినది నేను చూడలేదు. నాకు కాస్త దూరాన ఎలుగుబంటి వీపే కనబడుతోంది. మోటారు చప్పుడు మారగానే ఆమె వాక్యం వదిలేసి, మోచేత్తో ఆ టోపీవాణ్ణి ఒక్క తోపు తోసి, పిల్ల చెయ్యి పట్టి గుంజి, పిల్లతో సహా వెల్లకిలా పడి, పడిన చోటు నుంచే మడమతో రేకును ఒక్క తన్ను తన్నిందట. ఆ తన్ను నాకు తెలిసింది. పెళ్ళయినప్పటి నుంచీ ఆవిడ విసురు నాకు తెలుసు. బ్రేకు మీద నిలబడ్డాను.

చక్రం కింద పడినవి ఫోను ఒకటి, పిల్ల ఎడమ కాలి చెప్పు ఒకటి.

నేను కడుపు కింది తలుపు తీసుకుని దూకాను. హంస కడుపులోంచి చెమట ఓడుతూ మనిషి ఊడిపడేసరికి ఊరేగింపులో ఇదొక అంశం అనుకుని జనం చప్పట్లు కొట్టారు. రోడ్డు మీద చతికిలబడి చక్రం కిందికి తొంగిచూస్తే ఇంకా గట్టిగా కొట్టారు. "మళ్ళీ చేయించండి, వీడియో తీయలేదు" అని ఒకావిడ కేక వేసింది. టోపీ అతిథి పరుగెత్తుకొచ్చి చక్రం ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. బిడ్డ కోసం అనుకున్నాను. "కొత్త ఫోనండీ! కళ్ళు కనబడట్లేదా మీకు?" అన్నాడు.

పిల్ల నా భార్య ఒళ్ళోనే ఉంది. ఏడవలేదు. "హంసకి కోపం వచ్చిందా?" అని అడిగింది.

"లేదమ్మా. హంసకి కళ్ళు కనబడవు" అంది నా భార్య.

7. ఇందుకు తమరు నా భార్యకు నోటీసు ఇచ్చితిరి. అభియోగములు: అతిథిని మోచేతితో తోయుట, నిర్ణీత వాక్యమును మధ్యలో విడిచిపెట్టుట, సంఘటన సమయమున ముఖమున చిరునవ్వు లేకుండుట. ఆమె ఆ అతిథికి లిఖితపూర్వకంగా క్షమాపణ చెప్పుకొనవలెను, లేనియెడల వచ్చే సోమవారం నుంచి ఉద్యోగం లేదు.

అదే కవరులో నాకు ప్రశంసాపత్రం. "సమయస్ఫూర్తితో బండిని నిలిపినందుకు." అయ్యా, బండిని కదిపిన చెయ్యి నాది. నిలిపిన కాలు ఆవిడది. ఆ పత్రాన్ని అటక మీద పెట్టడానికి కూడా మనసు రాలేదు. దీనితో జతచేసి వాపసు చేయుచున్నాను. మేడ మీద గోడలకు ఖాళీ ఉంటే తగిలించుకోగలరు.

8. తమరు భద్రతాధికారి. ఎవరి భద్రత అని అడగటానికి నాకు హోదా చాలదు. ఫోను భద్రతయితే అది కాపాడలేకపోయాం, ఒప్పుకుంటున్నాం.

కావున తమరు దయతలచి, నోటీసును రద్దు చేసి, గరిటె కాడను నా భార్య చేతికి ఇప్పించవలెను. కుదరదనే పక్షంలో తమరే ఒక్క సాయంత్రం నాతో హంస కడుపులో కూర్చోవలెను. స్థలం ఇరుకే గాని సర్దుకుందాం. అతిథులు బయట బాదుతుంటే, ఏ దెబ్బకు కదలాలో, ఏ దెబ్బకు ఆగాలో తమరే సెలవిస్తే ఆ ప్రకారమే నడుచుకుంటాను. అంతవరకు నేను తాళంచెవి తిప్పను. ఆవిడ దెబ్బ లేనిదే ఆ హంస కదలదు, కదిపేవాణ్ణి వేరే చూసుకోండి.

తమరు తీరిక చేసుకుని, వీలైతే అద్దాల గది నుంచి కిందికి దిగి వచ్చి చిత్తగించవలెనని మనవి.

ఇట్లు,
తమ విధేయుడు,
హంస కడుపులో కూర్చునేవాడు

జతపరచినవి: ప్రశంసాపత్రం ఒకటి. కాగితపు పువ్వు ఒకటి, కొద్దిగా నలిగినది.

తా.క.: అయ్యా, మళ్ళీ నేనే. కవరు అంటించబోతుంటే మా ఆవిడ లాక్కుని చదివింది. "ఇన్ని చీవాట్లు పెట్టాక ఆయన సంతకం పెడతాడా? నీకేమైనా మతి ఉందా? కొట్టెయ్ సగం" అంది. నేను కొట్టెయ్యలేదు. అయితే ఆవిడ మీరడిగిన క్షమాపణ రాసి ఇస్తానంది. ఆ టోపీ ఆయనకి కాదు, ఆ పిల్లకి. చెప్పమంటే చెప్పింది, రాసుకున్నాను. "పాపా, నీ చెయ్యి గట్టిగా గుంజాను. నొప్పెట్టి ఉంటుంది. ఇంకోసారి అయినా అలాగే గుంజుతాను. ఏమీ అనుకోకమ్మా." ఇంతే. నవ్వుతూ చెప్పలేదు, అదీ రాసుకోండి.

ఇంకొక వస్తువు కూడా జతపరుస్తున్నాం. అప్పడంలా అణిగిపోయి ఉంటే కడిగి, లోపల గుడ్డలు కుక్కి, తెగిన పట్టీ ఆవిడే కుట్టింది. మళ్ళీ చెప్పులాగే అయింది. ఫోను కోసం ఆ పిల్ల వాళ్ళు మీ ఆఫీసుకి రోజూ వస్తున్నారట కదా. ఈసారి వచ్చినప్పుడు ఇది ఇవ్వండి. దీన్ని ఇంతవరకు ఎవరూ అడగలేదు.