ఎనిమిది వేసింది, పాసయింది

గురువారం, రాత్రి

ఈ పొద్దు పదకొండు గంటలకు నా కూతురు సుధ బైక్ లైసెన్స్ పరీక్షలో పాసయింది. మైదానంలో కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకె వేసింది, అంతే. డ్రైవింగ్ స్కూలు ఆయన నేర్పిందీ అంతే. దిగుడులో రెండు బ్రేకులూ ఎట్లా పట్టాలో అడిగితే తెలియదంది.

"ఇంకొన్ని దినాలు నా ముందర నేర్చుకోమ్మా" అన్నాను.

"ఎనిమిది వేసినాను కదా నాయనా. మీ విలేకరులకు బండెక్కినోళ్లంతా వార్తల్లోనే కనపడతారు" అని నవ్వింది.

నా భార్య చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించింది, హ్యాండిల్‌కు ఒకటి కట్టింది. ఇంక భయం లేదంట. సేలం పోయే దోవలో తొప్పూరు ఘాట్ దిగుడులో నుజ్జయిన బండ్లను చూసి వార్త రాసేది నేనే. వాటిలో చాలావాటికి నిమ్మకాయ కట్టే ఉంటుంది. ఆ మాట చెప్పినా సుధ ఆగదు.

సేలంలో ఆమె ఉద్యోగం సోమవారం మొదలు. పొద్దున ఏడుకు ఆ ఘాట్ దిగి ఒక్కతే పోతుంది.