తుంచని పిందెలు

ఏమండీ,

కార్ల్స్‌రూహెలో ఆపిల్ చెట్లన్నీ పూశాయి. మన పెరట్లో మీరు నాటిన, స్తంభంలా నిటారుగా పెరిగే చెట్టు మాత్రం ఒక్క పువ్వూ పూయలేదు. "ఎరువు చాల్లేదేమో మమ్మీ" అంటుంది అమ్మాయి. ఎరువు కొలిచి వేసింది నేను. కారణం మీరు.

ఏటా జూన్‌లో నేను గుత్తికి ఒక్క పిందె ఉంచి మిగతావి తుంచేస్తుంటే, "పసిపిందెలే, పాపం, వదిలెయ్యవే" అని నా వెనకే తిరిగేవారు. అన్నీ ఉంచితే చెట్టు అలిసిపోయి మరుసటి ఏడు పూయదని ఎన్నిసార్లు చెప్పాను! "నీకన్నీ లెక్కలే" అని నవ్వేవారు.

నిరుడు మీరు పోయిన నెలకే చెట్టు నిండా పిందెలొచ్చాయి. కత్తెర పట్టుకుని వెళ్లి, ఒక్కటీ తుంచకుండా తిరిగొచ్చాను. కాయలన్నీ నిమ్మకాయలంతే అయ్యాయి. ఇప్పుడేమో ఇలా. నా మాటే నిజమైంది. ఒప్పుకోవడానికి మీరేరీ?

పొద్దున మనవరాలు లియా వట్టి ఆకులు చూసి, "ఈసారి ఆపిల్స్ రావా అమ్మమ్మా? వరుమ్? ఎందుకు రావు?" అని జర్మనూ తెలుగూ కలిపి అడిగింది.

"మీ తాతయ్యనే అడుగు" అని కసిరాను.

అది చెట్టు పక్కన చతికిలబడి నిజంగానే మిమ్మల్ని అడుగుతోంది. జవాబు చెప్పండి.