మారు వడ్డన

ప్రొద్దుటూరు,
శనివారం.

చిరంజీవి సరస్వతికి అన్న దీవించి రాసేది. ఇక్కడ నేను ఉన్నాను. పులివెందులలో నువ్వు, అబ్బాయి భానుప్రకాష్, కోడలు శిల్ప సుఖంగా ఉన్నారని తలుస్తాను. ఫోనులో ఊ కొట్టడం తప్ప నాకు మాట రాదు గనక రాస్తున్నాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. మోకాలికి నువ్వు పంపిన నూనె రాస్తున్నాను. ఫ్యాను బాగైంది. బట్టలంగడిలో పనికి పోవడం మానేశాను. కాసేపు నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి. పోయిన నెల కుళాయి దగ్గర పడ్డాను. దెబ్బ పెద్దది కాదు. డాక్టరు చూసి, రోగం కాదు, తిండి లేక వచ్చిన నీరసం అన్నాడు. ఇట్లే ఒంటరిగా ఉంటే, ఈసారి పడితే లేచేది ఉండదన్నాడు. "అన్నం పెట్టే దిక్కు లేదా పెద్దాయనా?" అని అడిగాడు. ఉంది అన్నాను.

అబద్ధం కాదు. మీ వదిన పోయినప్పటినుంచి ఎదురింటి షరీఫా పొద్దున ఉగ్గాని, మధ్యాహ్నం ఇంత పప్పూ సంగటీ తెచ్చి గడపలో నిలబడేది. నాకు కడుపు కాలుతూ ఉండేది. అయినా చెయ్యి గిన్నె మీదికి అడ్డం పోయేది. ఇప్పుడే తిన్నాననేవాణ్ణి. చూసి చూసి ఆ పిల్ల ఒక మాట అడిగింది.

"మా ఇంటి చేతిదని తినవా మామా?"

అది కాదని చెప్పకుండా లోపలికి పోయాను. ఇప్పుడు తేవడం లేదు. ఎదురుపడితే కొంగు సర్దుకుని పోతుంది.

అది కాదనీ, అసలు సంగతి ఏమిటో తెలిసినదానివి నువ్వొక్కదానివే మిగిలావు.

అమ్మ పోయినాక మనల్ని జమ్మలమడుగు మామ తెచ్చుకున్నాడు గదా. అత్త చెడ్డది కాదు. తన పిల్లలే గంపెడు. మనకు ఒక తూరి వడ్డించి, గరిటె కుండలో పెట్టి, మూత వేసి, అప్పుడు అడిగేది, "ఇంగ కావల్నా?" అని. మూత చూసి వద్దనేవాణ్ణి. రానురాను ఆమె అడగకముందే చెయ్యి అడ్డం పెట్టి, చాలత్తా, అనేవాణ్ణి. ఇంటికి వచ్చినోళ్ళకు చూపించేది. "వీడు బంగారట్లాంటోడు. కడుపు తెలిసినోడు." ఆ ఇంట్లో నాకు దొరికిన మెప్పు అదొక్కటే.

నువ్వు చిన్నదానివి. ఒకరోజు మజ్జిగ మళ్ళీ అడిగావు. అత్త పోసింది. పోసి అందరి ముందర అన్నది.

"ఒగ తూరి అడిగితే అడగడం పాపా. రెండో తూరి అడిగితే అడుక్కోడం."

పిల్లలంతా నవ్వారు. ఆనాటినుంచి నువ్వు ఎవరినీ ఏదీ రెండోసారి అడగలేదు. మీ ఆయన అలిగి అనంతపురం పోయినప్పుడు ఒకసారి రమ్మన్నావు. రానన్నాడు. ఊరుకున్నావు. ఆయన అక్కడే పోయాడు. నిన్ను తప్పు పట్టడం లేదమ్మా. అంగడి పెత్తనం చూసుకోమని షావుకారు అడిగితే, చెయ్యి అడ్డం పెట్టి వచ్చినవాణ్ణి నేను.

మీ వదిన ఓబులమ్మకు ఈ కథ ఏనాడూ చెప్పలేదు. ఆమెకు అక్కర లేకపోయింది. నేను చెయ్యి అడ్డం పెడితే చేతి మీదనే పప్పు వేసేది. చెయ్యి కాలి లాక్కుంటే నవ్వేది. "ఆ చెయ్యి నీది గాదులే, తియ్" అనేది. అట్లా ఇన్నేళ్ళు బతికాను.

ఇప్పుడు చెప్పలేక దాచిపెట్టిన మాట చెబుతాను. పోయిన సోమవారం నేను పులివెందులకు వచ్చాను. భాను నా కోసం గదికి సున్నం కొట్టించాడని, వచ్చి ఉండిపొమ్మని నువ్వు రాశావు గదా. సంచిలో బట్టలన్నీ పెట్టుకునే బయలుదేరాను. పొద్దున్నే చేరవలసింది. ముద్దనూరు దగ్గర బస్సు టైరు పోయి మధ్యాహ్నమైంది. మీ ఇంటి ముందుకు వచ్చేసరికి లోపల శిల్ప కంచాలు పెడుతోంది. చారు పోపు వాసన వీధిలోకి వస్తోంది. అన్నం వేళకు వచ్చానే అనుకున్నాను. కాళ్ళు అక్కడే నిలిచిపోయాయి.

నువ్వు అరుగు మీద కూర్చుని ఉన్నావు. కళ్ళజోడు లేదు.

"ఎవురప్పా అది? ఎవురు కావల్ల?" అన్నావు.

"ఎవురూ గాదులేమ్మా. దావ తప్పినా" అన్నాను, గొంతు తగ్గించి.

నావైపే కాసేపు చూశావు. ఇంకొకసారి అడిగి ఉంటే పలికేవాణ్ణి. నువ్వు లేచి లోపలికి పోయావు. నేను బస్టాండుకు పోయాను.

ఎందుకు ఇట్లా చేస్తున్నానో తెలిస్తే మానుతానని అనుకునేవాణ్ణి. తెలిసింది. నిన్న మా వీధిలో పెళ్ళి భోజనాలు. వంకాయ కూర వాళ్ళు మారు వడ్డనకు వస్తుంటే, ఈసారి వెయ్యమందామని ముందే అనుకుని కూర్చున్నాను. చూసుకుంటే చెయ్యి ఆకు మీద ఉంది.

వస్తానని రాయడానికే ఈ కాగితం తీశాను. ఇది చదివి నువ్వు ఏడుస్తావు. మళ్ళీ రమ్మని మాత్రం రాయలేవు. నాకు తెలుసు.

గది ఊరికే ఖాళీగా ఉంచవద్దని భానుతో చెప్పు. శనక్కాయ మూటలు వేసుకోమను. నా గురించి దిగులు పెట్టుకోవద్దు. నాకు ఇక్కడ చాలు.

ఇట్లు,
నీ అన్న.