రెండు గంటల పది నిమిషాలు

మార్చి 2, ఆదివారం

చెల్లెలు మంగకు గురువారం ఉదయం తొమ్మిదికి గుండె ఆపరేషన్. పోర్ట్ బ్లెయిర్‌లో. దాని కొడుకు విఘ్నేష్ ఫోన్ చేశాడు. అమ్మ నీ మొగం చూసినాకనే లోపలికి పోతానంటా ఉంది, ఎట్లన్నా వచ్చెయ్ మామా అన్నాడు. సరే అన్నాను.

కోడలు సింధూరి సెల్లులో చూసి చెప్పింది. చెన్నై నుంచి 1,370 కిలోమీటర్లు. విమానంలో రెండు గంటల పది నిమిషాలు. మీరు పురసవాక్కం బజారుకు పోయి ఒక చొక్కా తీసుకొని వచ్చేదానికి ఇంకా లేటవుద్ది మామా అని నవ్వింది.

ఆరేళ్ల క్రితం మంగ భర్త చనిపోయినప్పుడు నేను వెళ్ళలేదు. ఓడకు మూడు రోజులు పడుతుందని చెప్పాను. విమానం అప్పుడూ ఉంది. భయపడ్డాను. మంగకు తెలుసు. ఒక్క మాట అనలేదు. అప్పటినుంచి నాతో మాట్లాడనూ లేదు.

మార్చి 3

దారి పొడవునా కింద నీళ్లేనట.

మార్చి 4, సాయంత్రం ఆరు

విమానం రేపు పదిన్నరకు. ఏడున్నర దాటగానే ఇల్లు వదలాలి. క్యాలెండర్ చూశాను. ఏడున్నర నుంచి తొమ్మిది దాకా యమగండం. ఆ వేళలో ఇల్లు కదలకూడదు.

మా అమ్మ చేసినట్టు ప్రస్థానం పెట్టాను. మంచి గడియలో సామాను ముందే గడప దాటించి ఇంకొకరి ఇంట్లో ఉంచితే, ప్రయాణం అప్పుడే మొదలైనట్టు. ఎదురింటి లూర్దుమేరిని అడగలేక రెండుసార్లు వెనక్కి వచ్చాను. చివరికి అడిగితే, ఏసు ఫోటో కింద పెట్టేస్తా తాతా, ఆయన యమగండమంతా చూడడులే అంది.

మార్చి 5, బుధవారం, ఏడు నలభై

లూర్దుమేరి ఇంటికి తాళం. ఈరోజు వాళ్లకు విభూది బుధవారం. నుదుట బూడిద పెట్టించుకోవడానికి చర్చికి పోయిందట. ఫోన్ లోపలే మోగుతోంది. బ్యాగులో బట్టలు, మాత్రలు, ఆధార్ కార్డు. కార్డు కూడా మంచి గడియలోనే కదలాలని నేనే పెట్టాను.

పదకొండు గంటలు

విమానం వెళ్ళిపోయింది. లూర్దుమేరి పదికి వచ్చింది. తాళం పగలగొట్టేస్తే ఏం తాతా, నాలుగు వందల తాళం గదా అని నన్నే తిట్టి ఏడ్చింది. సింధూరి కూడా పగలగొడదామంది. నేనే వద్దన్నాను.

తాళం చూడగానే ఒక్క నిమిషం హాయిగా అనిపించింది. ఇది ఎవరికీ చెప్పలేను.

సింధూరి రేపటికి ఇంకో టికెట్ తీసింది. ఏడుకు ఎక్కితే తొమ్మిది పదికి దిగడం. ఆపరేషన్ తొమ్మిదికి. అరగంట ఆగమని డాక్టరును అడగరా అని విఘ్నేష్‌కు చెప్పాను. అడుగుతా మామా, ఏమంటాడో అన్నాడు.

మార్చి 6, ఆరు యాభై, విమానంలో

క్యాలెండర్ చూడలేదు. బెల్టు పక్కనాయన పెట్టాడు. ఫస్ట్ టైమా పెద్దాయనా అన్నాడు. తలూపాను.

పది గంటలు, ఆసుపత్రిలో

డాక్టరు పది నిమిషాలే ఆగాడట. ఆపరేషన్ గది తలుపు కాడ దాకా, అన్న దిగినాడా, అన్న దిగినాడా అని అడుగుతానే లోపలికి పోయింది మామా అన్నాడు విఘ్నేష్.

ఇప్పుడు మా మధ్య ఒక తలుపు. ఎంతసేపో ఎవరూ చెప్పడం లేదు.